పాత ఫారంలో వదిలేసిన సంగతి: వినకూడని సలహాలు

“పోయినసారి ఏం రాశావో ఈసారీ అదే రాయి. తేడా వచ్చిందంటే దొరికిపోతావు.”

వీసా దరఖాస్తుల చుట్టూ తిరిగే సలహాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించేది ఇదే. మిగతా తప్పుడు సలహాలు తప్పని వినగానే ఎంతోకొంత తెలిసిపోతాయి. ఇది మాత్రం బుద్ధిమంతుల మాటలా ఉంటుంది. చెప్పేవాడు అబద్ధం ఆడమనడం లేదు, రెండు ఫారాలూ ఒకేలా ఉండాలంటున్నాడు. అధికారులు పాత ఫారాన్నీ కొత్త ఫారాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారన్నది నిజం కూడా. అందుకే బాగా చదువుకున్నవాళ్లు, జాగ్రత్తపరులు కూడా ఈ మాట విని మునిగిపోతారు.

ఎలా మునుగుతారో చూడండి. ఒకబ్బాయి బ్రిటన్ స్టూడెంట్ వీసాకి పెట్టుకుంటే తిరస్కరించారనుకుందాం. తర్వాత అమెరికా కోసం డీఎస్-160 నింపాడు. అమెరికా వీసా ఎప్పుడైనా నిరాకరించారా అని మాత్రమే ఆ ఫారం అడుగుతుంది. లేదన్నాడు, అది నిజమే. కొన్నాళ్లకి కెనడా స్టడీ పర్మిట్‌కి పెట్టాడు. కెనడా ఫారం మరే దేశమైనా వీసా తిరస్కరించిందా అని అడుగుతుంది. ఇతను అమెరికా ఫారం కాపీ ముందు పెట్టుకుని చకచకా నింపుకుంటూ పోయాడు, అక్కడా ‘లేదు’ అని పడింది. ఇంతవరకు జరిగింది ప్రశ్న సరిగా చదవని పొరపాటు. ఇప్పుడు అక్కడే శాశ్వత నివాసానికి (పీఆర్‌కి) పెడుతున్నాడు. ఈసారి ప్రశ్న పూర్తిగా చదివాడు, బ్రిటన్ సంగతి గుర్తొచ్చింది, గుండె ఝల్లుమంది. బావకి ఫోన్ చేశాడు. బావ పైన రాసిన సలహా ఇచ్చాడు.

ఆ సలహా పాటించిన క్షణాన ఆ అబ్బాయి పరిస్థితి మొత్తం మారిపోతుంది. మొదటి ‘లేదు’ తెలియక రాసింది, రెండోది తెలిసి రాసింది. మొదటిదాన్ని వివరించుకోవడానికి ఒక దారి ఉండేది. రెండోది ఆ దారిని మూసేయడమే కాకుండా, మొదటిది కూడా తెలిసే రాశాడేమోనన్న అనుమానం పుట్టిస్తుంది.

చట్టం ఇక్కడ చాలా కఠినంగా ఉంటుంది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 212(ఏ)(6)(సి) అనే సెక్షన్ ఉంది. వీసా నిర్ణయాన్ని మార్చగలిగే సంగతి గురించి కావాలని అబద్ధం చెప్పి వీసా తెచ్చుకున్నా, తెచ్చుకోవాలని చూసినా జీవితాంతం అనర్హులే. మినహాయింపు కోరుకోవచ్చు. కానీ గ్రీన్‌కార్డు దారిలో ఆ మినహాయింపు కావాలంటే అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి ఎవరో ఒకరు ఉండాలి, మీరు లేకపోతే వాళ్లు తీవ్రంగా కష్టపడతారని రుజువు చేయాలి. అమెరికాలో పుట్టిన పిల్లలు ఆ జాబితాలో లేరు. చాలామంది తెలుగు తల్లిదండ్రులు ఈ మాట మొదటిసారి లాయరు ఆఫీసులో విని తెల్లబోతారు. కెనడాలో సెక్షన్ 40 కింద ఐదేళ్ల నిషేధం, 2014 నవంబరు దాకా అది రెండేళ్లే. పైగా కెనడాలో అమాయకంగా పొరపాటు చేశామని చెప్పుకునే వెసులుబాటు చాలా ఇరుకైనది, కాబట్టి ఉన్న ఆ కాస్తనీ పోగొట్టుకోకూడదు. బ్రిటన్‌లో మోసం చేశారని తేలితే పదేళ్లు. ఆస్ట్రేలియాలో 4020 నిబంధన కింద మూడేళ్లు, గుర్తింపు విషయంలో మోసమైతే పదేళ్లు.

కొత్త ఫారం పాత ఫారంతో సరిపోలనక్కరలేదు, జరిగినదానితో సరిపోలితే చాలు. పాతదానితో తేడా వస్తే అది ఎందుకు వచ్చిందో అదే దరఖాస్తుతో మీరే రాసివ్వండి. ఇక్కడి నుంచి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

“వాళ్లకి ఎలా తెలుస్తుంది?” అన్నది రెండో సలహా. దీనికి జవాబు చిన్నదే. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఈ ఐదూ వీసాలు అడిగేవాళ్ల వేలిముద్రలను ఒకరితో ఒకరు సరిపోల్చుకుంటున్నాయి. కెనడా అధికారి మీ వేలిముద్ర అటు పంపితే, ఫలానా సంవత్సరం ఫలానా దేశం ఈ మనిషికి వీసా నిరాకరించిందన్న సమాచారం ఇటు రావచ్చు. ఒకప్పుడు తెలియని సంగతులు ఇప్పుడు తెలుస్తున్నాయి, ఇప్పుడు తెలియనివి మీ పౌరసత్వం నాటికి తెలియవచ్చు.

ఇదే వరసలో ఇంకో మాట ఉంది: “221జి రిజెక్షన్ కాదన్నా, స్లిప్ ఇచ్చి కాగితాలు అడిగారంతే.” అమెరికా విదేశాంగ శాఖ లెక్కలో అది నిరాకరణే. కాగితాలు ఇచ్చాక వీసా వచ్చినా సరే, తర్వాతి డీఎస్-160లో ‘అవును’ అనే రాయాలి, పక్కన ఏం జరిగిందో ఒక వాక్యం రాయాలి. ఆ ‘అవును’ ఒక్కటే వీసాని ఆపదు. ‘లేదు’ వల్ల ఆగే అవకాశం ఉంది.

ఇప్పుడు పోలీసు కేసుల దగ్గరికి వద్దాం. తప్పుడు సలహాలు ఎక్కువగా పేరుకుపోయిన చోటు ఇదే.

“కేసు కొట్టేశారుగా, ఇంకెందుకు రాయడం?” అంటారు. డీఎస్-160 ప్రశ్న మళ్లీ చదవండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది వచ్చినా సరే చెప్పండి అని అడుగుతుంది. కేసు ఎలా ముగిసిందన్నది ఆ తర్వాతి సంగతి. స్టేషన్ బెయిల్ మీద సాయంత్రానికి ఇంటికొచ్చినా అరెస్టు అరెస్టే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియాలోనూ కాకతీయలోనూ ఎంతోమంది విద్యార్థుల మీద కేసులు పడ్డాయి, రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం చాలా కేసులు ఎత్తేసింది. కేసు ఎత్తేశారు కాబట్టి అరెస్టు జరగనట్టేనని వాళ్లలో ఎవరికైనా ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పు. ఉద్యమంలో అరెస్టయ్యానని రాసి, కేసు ఉపసంహరించిన ఉత్తర్వు జతపరిస్తే అర్థం చేసుకోలేని అధికారి అరుదు. దాచినది ఎందుకు దాచారో అర్థం చేయించడం మాత్రం చాలా కష్టం.

భార్యని వేధించారంటూ పెట్టే 498ఏ కేసులదీ ఇదే కథ. లోక్ అదాలత్‌లో రాజీ అయింది, విడాకులు అయిపోయాయి, రెండో పెళ్లి కూడా అయింది, ఇప్పుడు ఆయన వీసాకి పెట్టుకోవాలి, కొత్త భార్య హెచ్-4 మీద వెంట వెళ్లాలి. పాత కేసు సంగతి రాస్తే కొత్త కాపురం చెడుతుందేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. పోలీసులు 41ఏ నోటీసు ఇచ్చి పిలిచి మాట్లాడి పంపేస్తే అది అరెస్టు కాదు, ఇప్పుడు అదే నోటీసు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద ఇస్తున్నారు. అరెస్టు జరగలేదు కాబట్టి అమెరికా ప్రశ్నకి ‘లేదు’ అనడం నిజమే కావచ్చు. అదే మనిషి కెనడాకి పెడితే అక్కడ అభియోగం మోపారా అని కూడా అడుగుతారు. చార్జిషీటు పడి ఉంటే అక్కడ జవాబు మారుతుంది. ఒకే జీవితానికి రెండు దేశాల్లో రెండు రకాల నిజమైన జవాబులు ఉండవచ్చు. అందుకే ఒక ఫారం చూసి ఇంకోటి నింపడం ప్రమాదం.

హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడి, కోర్టుకెళ్లి జరిమానా కట్టి వచ్చినవాళ్లు దాన్ని చలానా అనుకుంటారు. స్నేహితులు కూడా అదే చెబుతారు. సిగ్నల్ జంప్ చేసిన చలానాకీ దీనికీ పోలిక లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని కట్టిన జరిమానా అంటే శిక్ష పడినట్టే. కెనడాలో మద్యం తాగి బండి నడపడానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబరులో పదేళ్లకి పెంచారు, దాంతో అది తీవ్రమైన నేరాల కోవలోకి చేరింది. ఇది దాచి పీఆర్ తెచ్చుకున్నవాళ్లు ఒకదాని మీద ఒకటి రెండు సమస్యలు తెచ్చుకున్నట్టు. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో అర్జీ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. ఆ కాగితం చేతిలో లేకుండా ఏ లాయరూ మీకు సరైన మాట చెప్పలేడు.

“అడగనిది చెప్పకు” అన్న సలహా సగం నిజం. ఫారంలోగానీ ఇంటర్వ్యూలోగానీ అడగని సంగతిని మీ అంతట మీరు చెప్పకపోవడం అమెరికా నియమాల ప్రకారం అబద్ధం కిందికి రాదు. ఎప్పుడో మీ అన్నకి హెచ్-1బి తిరస్కరించారని మీ ఫారంలో రాయనక్కరలేదు. చిక్కేమిటంటే మనవాళ్లు ఆ సలహాని ప్రశ్న చదవకుండానే పాటిస్తారు. డీఎస్-160 ఐదేళ్లలో తిరిగిన దేశాలు అడుగుతుంది, సోషల్ మీడియా ఖాతాలు అడుగుతుంది, ఎవరైనా మీ పేరు మీద ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని అడుగుతుంది. మీ అక్క సిటిజన్ అయిన కొత్తలో ఎఫ్-4 కింద మీకు పిటిషన్ వేసి ఉంటుంది, ఆ తర్వాత అందరూ మర్చిపోయి ఉంటారు. టూరిస్టు వీసాకి వెళ్లేముందు అక్కనడగండి.

డీఎస్-160 చదువుకున్న విద్యాసంస్థల పేర్లు కూడా అడుగుతుంది. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే నకిలీ యూనివర్సిటీ నడిపిందని 2019 జనవరిలో బయటపడింది. అందులో పేరు నమోదు చేసుకున్న సుమారు 600 మందిలో చాలామంది తెలుగువాళ్లు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి ట్రాకింగ్ పట్టీలు వేసిన ఫొటోలు అందరం చూశాం. వాళ్లలో కొందరు ఇంటికొచ్చి మళ్లీ వీసాకి పెట్టుకున్నారు. ఆ యూనివర్సిటీ పేరు వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కటి మర్చిపోతున్నారు: ఆ పేరు విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా సెవిస్ రికార్డుల్లో ఉంది. ఫార్మింగ్‌టన్ జాబితా అయితే స్వయంగా ప్రభుత్వం దగ్గరే ఉంది. ఆ వరస తీసేస్తే అధికారికి తెలియకుండా పోదు, మీరు దాచారని మాత్రం తెలుస్తుంది. మోసపోయి చేరామా, తెలిసి చేరామా అన్నది వాదించుకోవలసిన అసలు విషయం. దాచిన క్షణంలో ఆ వాదన చేసుకునే హక్కు పోతుంది.

కెనడాకి సంబంధించిన ఇంకో సలహా తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. “పెళ్లయిందని ఇప్పుడే చెప్పకు, ప్రాసెస్ ఆలస్యమవుతుంది. పీఆర్ వచ్చాక స్పాన్సర్ చేసుకోవచ్చు.” చేసుకోలేరు. కెనడా నిబంధనల్లో 117(9)(డి) అని ఒకటి ఉంది. పీఆర్ పొందేటప్పుడు చెప్పకుండా వదిలేసిన భార్యనీ భర్తనీ బిడ్డనీ తర్వాత ఫ్యామిలీ క్లాస్ కింద స్పాన్సర్ చేయడానికి అది అడ్డుపడుతుంది, దానికి కాలపరిమితి లేదు. కొందరికి వెసులుబాటు ఇస్తూ 2019 సెప్టెంబరులో ఒక విధానం తెచ్చారు గానీ అది అందరికీ వర్తించదు. దరఖాస్తు పంపిన తర్వాత పెళ్లయినా, బిడ్డ పుట్టినా వెంటనే తెలియజేయాలి, విమానం దిగి అక్కడ పీఆర్ ఖాయమయ్యే దాకా ఆ బాధ్యత ఉంటుంది. ముహూర్తం కుదిరిందని హడావుడిగా పెళ్లి చేసి, వారంలో అబ్బాయిని విమానం ఎక్కించే ఇళ్లలో పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎవరి కాపురం కోసం తొందరపడుతున్నారో ఆ కాపురాన్నే రెండు ఖండాల్లో నిలబెడుతున్నారు.

“ఏజెంటు నింపాడు, నాకేం సంబంధం?” అనేవాళ్లుంటారు. సంతకం మీది, లేదా సబ్మిట్ నొక్కింది మీ పేరు మీద. కెనడా చట్టం నేరుగా చెప్పిన అబద్ధాన్నీ, ఇంకొకరి ద్వారా చెప్పిన అబద్ధాన్నీ ఒకే వాక్యంలో చేర్చింది. 2023లో నకిలీ అడ్మిషన్ లెటర్లతో కెనడాలో చిక్కుకున్న పంజాబ్ విద్యార్థుల సంగతి గుర్తుందా? నిజంగా మోసపోయామని చూపించగలిగినవాళ్లకి అక్కడ ఉండే అవకాశం ఇస్తామని ఆ ప్రభుత్వం చివరికి చెప్పింది, అది కూడా ఎంతో గోల జరిగాక. అంత అలజడి మీ ఒక్కరి కోసం జరగదు. డీఎస్-160లో ఈ దరఖాస్తు నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న ఉంది. అక్కడ ‘లేదు’ అని పెట్టే కన్సల్టెన్సీని ఆ ఒక్క కారణంతోనే వదిలేయవచ్చు. మీ దరఖాస్తు మీద తన పేరు వేసుకోవడానికి సిద్ధపడనివాడు మీ తప్పుకి బాధ్యత ఎలా తీసుకుంటాడు? అమెరికా విషయాలకి అటార్నీ దగ్గరికి, కెనడాకి లాయరు లేదా లైసెన్సున్న కన్సల్టెంట్ దగ్గరికి, ఆస్ట్రేలియాకి రిజిస్టర్డ్ ఏజెంట్ లేదా లాయరు దగ్గరికి వెళ్లండి. పాత తప్పు దిద్దుకునే పని మాత్రం తెలిసినవాళ్ల చేత ఉచితంగా చేయించుకోవద్దు.

ఇక రెండో వైపు నుంచి వచ్చే తప్పుడు సలహా. నిజం చెప్పాలనుకున్నాక కొందరు పది పేజీల ఉత్తరం రాయిస్తారు. నాన్నగారి గుండె జబ్బు, ఇంటి అప్పు, ఏజెంటు మోసం, దేవుడి దయ అన్నీ అందులో ఉంటాయి. అధికారికి కావలసినవి నాలుగే: ఏ ఫారంలో, ఏ ప్రశ్నకి, ఏం రాశారు, ఏది నిజం. తర్వాత ఒక కారణం, అదీ ఒక్కటే, నిజమైనది. ఇలా సరిపోతుంది:

“2018లో నేను పెట్టుకున్న స్టడీ పర్మిట్ దరఖాస్తులో, ఇతర దేశాల వీసా తిరస్కరణ గురించిన ప్రశ్నకి ‘లేదు’ అని జవాబిచ్చాను. అది తప్పు. 2015లో బ్రిటన్ నాకు స్టూడెంట్ వీసా నిరాకరించింది. ఆ ప్రశ్న ఈ దేశం గురించే అడుగుతోందని అప్పుడు పొరబడ్డాను. నిరాకరణ లేఖ జతచేస్తున్నాను.”

కారణం అది కాకపోతే అలా రాయొద్దు. భయపడి రాయలేదన్నది నిజమైతే ఆ మాటే రాయాలి, అయితే పంపే ముందు లాయరుకి చూపించాలి. ఎందుకంటే ఆ వాక్యంతో మీరు కావాలని దాచినట్టు ఒప్పుకుంటున్నారు. అబద్ధం చెప్పమని ఆ లాయరు చెప్పడు, మంచివాడైతే. కానీ ఏ మినహాయింపుకి పెట్టుకోవాలో, దేన్ని ఎప్పుడు పంపాలో చెబుతాడు. నిరాకరణ లేఖ పోయిందని కొత్తగా తయారు చేయించడం, అనుభవం ఉన్న సంవత్సరాలు సరిపోవడానికి పాత తేదీ వేసిన సర్టిఫికెట్ తెచ్చుకోవడం, ఇవి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒక ఖాళీని పూడ్చడానికి నకిలీ కాగితం పెడితే వదిలేసిన సంగతి కాస్తా ఫోర్జరీ అవుతుంది.

ఆస్ట్రేలియా ఇందుకోసమే ఒక ఫారం పెట్టింది. తప్పు జవాబు ఇచ్చామని తెలిస్తే తెలియజేయడానికి 1023, పరిస్థితులు మారితే తెలియజేయడానికి 1022. మనుషులు మర్చిపోతారని, పొరబడతారని ఆ చట్టం ముందే ఊహించింది. 1023 ఇచ్చినంత మాత్రాన వీసా రద్దు కాదన్న హామీ లేదు. అయినా రద్దు చేయాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆ తర్వాత మీరు ఎలా నడుచుకున్నారన్నది కూడా వాళ్లు చూస్తారు.

ఎప్పుడు దిద్దుకున్నారన్నది చాలా ముఖ్యం. బ్రిటన్‌లో టియర్-1 జనరల్ వీసా మీద ఉన్నవాళ్లు చాలామంది, అందులో భారతీయులు ఎందరో, వీసా కోసం చూపిన ఆదాయం ఒకటి, పన్ను శాఖకి చూపిన ఆదాయం మరొకటి అయినందుకు శాశ్వత నివాసం పోగొట్టుకున్నారు. కొందరు పన్ను లెక్కలు సరిచేసుకున్నారు, కానీ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టే ముందు మాత్రమే. హోం శాఖ దాన్ని నిజాయితీగా చూడలేదు. నిజాయితీ లేదని తేల్చేముందు దరఖాస్తుదారుకి చెప్పి జవాబు వినాలని 2019లో అప్పీల్ కోర్టు ఆదేశించింది. ఆ తీర్పు మంచిదే. కానీ అంతకుముందే కొందరు ఉద్యోగాలూ ఇళ్లూ వదులుకున్నారు. అవసరం వచ్చినప్పుడు దిద్దుదాంలే అనుకునేవాళ్లు ఆ కేసులు చదవాలి.

“గ్రీన్‌కార్డు వచ్చేసిందిగా, ఇక తవ్వకు” అన్న మాటకీ జవాబు అందులోనే ఉంది. పౌరసత్వానికి ఎన్-400 పెట్టినప్పుడు అధికారి మీ ఫైలు మొదటి కాగితం నుంచి తిరగేస్తాడు. పౌరసత్వం వచ్చాక కూడా, తప్పుడు మాటలతో పొందారని సివిల్ కేసు వేయడానికి కాలపరిమితి లేదు. బోస్నియా నుంచి శరణార్థిగా వచ్చిన ఒక మహిళ కేసులో 2017లో అమెరికా సుప్రీంకోర్టు ఒక హద్దు గీసింది: అబద్ధం చెప్పారన్న కారణం ఒక్కటే చాలదు, పౌరసత్వం రావడంలో ఆ అబద్ధానికి పాత్ర ఉండాలి. ఆ హద్దు ఉండటం ఊరటే. దాని మీద ఆధారపడి బతకవలసిన అవసరం మాత్రం ఎవరికీ రాకూడదు.

రేపే ఇంటర్వ్యూ, ఈ రాత్రి ఫారం చదువుతుంటే తప్పు కనబడింది, ఇప్పుడేం చేయాలి? అధికారి అడిగితేనే చెప్పమనేవాళ్లుంటారు. వినొద్దు. అమెరికా నియమాల్లో, తప్పు మాటని ఆలస్యం చేయకుండా, ఎవరూ పట్టుకోకముందే, తనంతట తాను దిద్దుకుంటే దాన్ని అబద్ధంగా లెక్కించరు. అధికారి స్క్రీన్ మీద చూసి ప్రశ్నించాక ఒప్పుకుంటే ఆ రక్షణ దొరకదు. కాబట్టి కిటికీ దగ్గరికి వెళ్లగానే, పాస్‌పోర్టు ఇస్తూనే, ఫారంలో ఫలానా జవాబు తప్పు పడింది, నిజం ఇది అని చెప్పండి. సంబంధించిన కాగితం ఉంటే చేతిలో పట్టుకెళ్లండి. అమ్మానాన్నల టూరిస్టు వీసా ఫారాలు కొడుకులూ కూతుళ్లూ నింపుతారు, పదేళ్ల కిందటి నిరాకరణ వాళ్లకి తెలియనే తెలియదు. ఆ రాత్రి అమ్మ దగ్గర కూర్చుని ప్రశ్నలన్నీ తెలుగులో చదివి వినిపించండి. ఇంగ్లీషులో చెప్పలేనని ఆమె బెదిరితే, హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడతానని అడగవచ్చని చెప్పండి.